మేనమామ అలక

ఫిబ్రవరి 4, మంగళవారం

నాకేమీ కోపం లేదు. ఈ మాట ముందుగా రాసి పెట్టుకోవాలి. పొద్దున్నుంచీ కనిపించిన ప్రతివాళ్ళూ "ఏమిటి బిన్వెల్ గారూ, అలా ఉన్నారు?" అంటున్నారు. నేను మామూలుగానే ఉన్నాను.

నిన్న స్కూల్లో మీటింగు జరిగిందట. తొమ్మిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఆడపిల్లలకి టీకా వేస్తారట. పెద్దయ్యాక గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా. జిల్లా ఆసుపత్రి నుంచి లుసుంగు న్యిరెండా అనే నర్సమ్మ వచ్చింది. ఉత్తరాది పిల్ల. వచ్చి, పిల్లల తండ్రులందర్నీ పిలిపించి, కుర్చీలు వేయించి, తలా ఒక ఫాంటా సీసా చేతికిచ్చి "మీ కూతుళ్ళకి టీకా వేయమంటారా?" అని అడిగిందట. తండ్రులందరూ చప్పట్లు కొట్టి సరే అన్నారట.

తండ్రులు!

మా దేశంలో ఉత్తరాన తండ్రులదే రాజ్యం కావచ్చు. మేము చెవా తెగ వాళ్ళం. మా పిల్లలు తల్లి వంశం వాళ్ళు. తల్లి తోడబుట్టినవాడే వాళ్ళకి పెద్ద. తండ్రి అంటే ఇల్లరికం వచ్చి, భార్య ఊళ్ళో ఇల్లు కట్టి, పొలం దున్ని, అందరితో మంచిగా ఉండి పోయేవాడు. అతన్ని ఏమడిగినా చప్పట్లే కొడతాడు, పరాయి ఊళ్ళో ఉన్నవాడు కనక. నాకు తెలీదా? నా భార్య బతికున్నన్నాళ్ళూ వాళ్ళ ఊళ్ళో నేనూ అన్నిటికీ చప్పట్లు కొట్టాను. ఇవాళ్టికీ నా సొంత పిల్లల విషయంలో నా మాట చెల్లదు. వాళ్ళ మేనమామ ఎలా అంటే అలా.

కానీ ఇక్కడ, ఈ ఊళ్ళో, మా చెల్లెలు ఎనెలెసి పిల్లలకి నేను మేనమామని. ముప్ఫై ఏళ్ళు కోర్టు గుమాస్తాగా చేసి రిటైరై వచ్చినవాణ్ణి. ఏ పని ఎవర్ని అడిగి చేయాలో నాకంటే తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. నన్ను అడగలేదు. కుర్చీ సంగతి వదిలేయండి, కబురైనా లేదు.

అయినా నాకేం. కోపం లేదు.

ఫిబ్రవరి 5

నర్సమ్మ మా ఇంటి ముందు నుంచే సైకిలు టాక్సీ ఎక్కి వెళ్ళింది. చెయ్యి ఊపింది. నేను చూడలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మా బావ ఫ్రాక్సన్ వచ్చాడు, ఎనెలెసి మొగుడు. వడ్రంగం చేస్తాడు, మంచి మనిషి. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. నా తలుపు రెక్క సరిచేసే నెపంతో వచ్చాడు గానీ, ఆ తలుపు మొన్ననే సరిచేశాడు.

"బావగారూ, సోమవారం టీకా అంట. మన తమండాకి ఈ మార్చి ఆఖరుకి పదిహేను నిండుతాయి. పదిహేను నిండితే ఇక వెయ్యరంట."

"మీరు సరే అన్నారుగా."

"నేనేదో చప్పట్లు కొట్టానండీ. అందరూ కొడుతుంటే నేనొక్కణ్ణీ చేతులు కట్టుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"అయితే వేయించండి."

"మీ మాట లేకుండా ఎలా వేయిస్తాను బావగారూ?"

"నా మాట ఎవరు అడిగారు?"

అతను తలుపు రెక్క ఒకసారి తీసి వేశాడు. "నేను అడుగుతున్నాను కదండీ."

"మీరు అడగడం కాదు. అడగాల్సినవాళ్ళు అడగాలి."

అతను సుత్తి సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. నేను కాదన్నానా? లేదు. వేయొద్దన్నానా? లేదు. రేపు ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

టీకా రోజు. ఎవరూ రాలేదు. స్కూల్ హెడ్మాస్టరు కూతురు ఒక్కతి వేయించుకుంది, వాళ్ళు వేరే ఊరు వాళ్ళు. నర్సమ్మ ఐసు పెట్టె పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా దారి వంక చూస్తూ కూర్చుందట.

సాయంత్రం లైటన్ వచ్చాడు. అతను ముగ్గురు చెల్లెళ్ళకి అన్న. అతని వెనకే ఇంకొందరు మేనమామలు వచ్చారు. మా ఇంట్లో మొక్కజొన్న పిండితో కాచిన తొబ్వా ఉంటే తలా ఒక గ్లాసు పోశాను. కాసేపు వాన గురించి, పొగాకు ధర గురించి మాట్లాడారు. తర్వాత లైటన్ నెమ్మదిగా అన్నాడు, "నువ్వు ఊరుకున్నావని తెలిసి మేమూ ఊరుకున్నాం."

"టీకా మంచిది కాదనా?"

"టీకా సంగతి నాకేం తెలుసు? మంచిదే అయ్యుంటుంది. ఊరికే ఇస్తున్నారుగా. కానీ అడగాలా, వద్దా?"

"అడగాలి" అన్నాం అందరం.

చాలా రోజులకి ఇంట్లో అంతమంది కూర్చున్నారు. భార్య పోయి నేనిక్కడికి వచ్చేశాక ఈ ఇల్లు ఇంత సందడిగా ఉండటం ఇదే. సంతోషం వేసింది. న్యాయం మన వైపున ఉన్నప్పుడు మనసు తేలిగ్గానే ఉంటుంది.

ఫిబ్రవరి 13

పిండిమర దగ్గర ఒకావిడ నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది. "బిన్వెల్ గారూ, అది వేస్తే ఆడపిల్లల గర్భసంచి ఎండిపోతుందంట, నిజమేనా? మీరు కోర్టులో ఉన్నప్పుడు గవర్నమెంటు కాగితం చదివారంట కదా?"

నేనెప్పుడూ అలాంటి కాగితం చదవలేదు. నేను చదివినవన్నీ మేకల తగాదాలు, సరిహద్దు తగాదాలు.

"నేనేమీ అనను" అన్నాను.

అది అక్షరాలా నిజం. నేనేమీ అనలేదు.

ఆవిడ "అర్థమైందిలెండి" అని తల ఊపి, పిండి బుట్ట నెత్తిన పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. ఏమర్థమైందో నేను అడగలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చిలో నాకు ముందు వరసలో చోటిచ్చారు. ఎప్పుడూ స్తంభం వెనక కూర్చునేవాణ్ణి. బయటికొచ్చాక ఇద్దరు తల్లులు నా చేతులు పట్టుకుని "మా పిల్లల్ని కాపాడారు" అన్నారు. ఒకావిడ ఎండుచేపలు పంపింది. మంచి ఉసిపా చేపలు, ఇసుక లేనివి.

కాపాడటమంటే ఏమిటో నేను సరిదిద్దాల్సింది. కానీ చర్చి ముందు వాదన పెట్టుకోవడం మర్యాద కాదు.

ఫిబ్రవరి 18

నర్సమ్మ పిండిమర దగ్గర ఆడవాళ్ళకి ఆ జబ్బు ఎలా ఉంటుందో చెబుతోంది. నేను అటువైపు వెళ్తూ విన్నాను. ఆగకుండా పోతుందట రక్తం. నడుము నొప్పి. తర్వాత ఆ వాసన. మనిషి సగమైపోవడం.

అమ్మ గురించి ఇవాళ రాయను.

ఫిబ్రవరి 19

రాయను.

ఫిబ్రవరి 20, గురువారం

వచ్చింది!

పొద్దున్న వాకిట్లో కూర్చుని ఉన్నాను. నర్సమ్మ లుసుంగు చంకలో కోడిని పెట్టుకుని వచ్చింది. యూనిఫారం మీద చితెంజె గుడ్డ చుట్టుకుంది. వాకిలి బయటే ఆగి, చప్పట్లు చరిచి, లోపలికి రమ్మనేదాకా రాలేదు. వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. కోడి కాస్త ముసలిదే గానీ, పద్ధతి మాత్రం పద్ధతే.

"బాబాయిగారూ, మా వైపు తండ్రిని అడిగితే సరిపోతుందండీ. ఇక్కడ ఎవర్నడగాలో నాకు తెలీలేదు. తప్పయిపోయింది."

"చెప్పినవాళ్ళు లేరా?"

"ఆ మీటింగులో తండ్రులందర్నీ అడిగాను, ఇంకెవర్నైనా పిలవాలా అని. చప్పట్లు కొట్టారు."

నాకు నవ్వాగలేదు. ఆ పిల్లకీ నవ్వొచ్చింది, కానీ కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. ఈ ఊళ్ళో పని జరగలేదని పైవాళ్ళు ఆమెని తిడుతున్నారట. ఈసారీ పిల్లలు రాకపోతే, మార్చిలో ఒక్కసారి వచ్చి, ఇక ఈ సంవత్సరానికి పెట్టె మూసేస్తారట.

"మీ మేనకోడలి కోసం, మిగతా మేనకోడళ్ళందరి కోసం మిమ్మల్ని అడగడానికి వచ్చాను" అంది.

ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికేముంది? కానీ వెంటనే ఒప్పుకుంటే అడిగినవాళ్ళకి విలువ ఉండదు.

ఫిబ్రవరి 21

సరేనన్నాను. లైటన్ వాళ్ళకీ కబురు పెట్టాను. అందరూ వచ్చి సరేనన్నారు. నర్సమ్మ సోమవారం వస్తానంది. కోడి కూర పర్వాలేదు, కాస్త ఎక్కువసేపు ఉడికించాల్సి వచ్చింది.

మనుషులు సక్రమంగా నడుచుకుంటే లోకంలో ఏ పనీ ఆగదు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఒక్కరు కూడా రాలేదు.

ఒక్కరు కూడా.

నేను చర్చి బట్టలు వేసుకుని స్కూలు దగ్గర నిలబడ్డాను, వచ్చేవాళ్ళకి కనబడాలని. లైటన్ కూడా నిలబడ్డాడు. అతని మేనకోడళ్ళే రాలేదు. చెల్లెళ్ళు పంపలేదట. "మా మాట అంటే మాటే" అని పొద్దున్న అన్నవాడు మధ్యాహ్నానికి నేల చూపులు చూశాడు.

సాయంత్రం ఎనెలెసి ఇంటికెళ్ళాను.

"పిల్లని ఎందుకు పంపలేదు? నేను సరేనన్నాను కదా."

అది పొయ్యి మీద న్‌సిమా ముద్ద కలుపుతూ గరిటె ఆపలేదు. "నువ్వు మొదట ఊరుకున్నావు అన్నయ్యా. ఎందుకూరుకున్నావో ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు కోడి తిని సరేనంటున్నావు. కోడికి ముందు అన్న మాట నమ్మాలా, కోడి తర్వాత అన్న మాట నమ్మాలా?"

"కోడికి ముందు నేనేమీ అనలేదు!"

"కాదనలేదుగా."

"ఎనెలెసీ, నాకేమీ తెలీదు. గర్భసంచి ఎండడం గురించి నేనెక్కడా చదవలేదు."

"అలా చెప్పమన్నారా వాళ్ళు?"

ఫ్రాక్సన్ మూలన కూర్చుని రంపానికి పదును పెడుతున్నాడు. తలెత్తలేదు. ఒక్క మాట అనలేదు. అనే హక్కు లేదని అతనికి చెప్పిందెవరు?

ఫిబ్రవరి 25

ఎండుచేపలు పంపినావిడ ఎదురై పలకరించలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

తమండాతో మాట్లాడాను. స్కూలు నుంచి వస్తుంటే పొలం గట్టు మీద ఆపాను. ఎప్పుడు ఇంత పొడుగైందో గమనించలేదు. అమ్మ పోలికే. అలాగే ఒక పక్కకి ఒరిగి నిలబడుతుంది.

పెద్ద ఉపన్యాసం తయారు చేసుకుని వెళ్ళాను. మొదలుపెట్టగానే ఆపేసింది.

"నాకు సూదంటే భయం లేదు మావయ్యా. ఎండిపోతుందన్నది కూడా నమ్మను. మా సైన్సు పుస్తకంలో గర్భసంచి బొమ్మ ఉంది. చేతికి సూది వేస్తే అదెలా ఎండుతుంది?"

"మరి?"

"హెడ్మాస్టరు గారమ్మాయి పక్కన ఇప్పుడు ఎవరూ కూర్చోవట్లేదు. 'ఎండు గుమ్మడికాయ' అని పిలుస్తున్నారు. నేనొక్కదాన్నీ వేయించుకుంటే నన్నూ అంతే అంటారు. ఆ అమ్మాయి రేపు వేరే ఊరు వెళ్ళిపోతుంది, నేను చచ్చేదాకా ఇక్కడే ఉండాలి. అందరూ వేయించుకుంటే నేనూ వేయించుకుంటా."

"అందరూ భయపడుతున్నారు కదే."

"ఆ భయం మీ దగ్గర పుట్టింది."

"నేనేమీ అనలేదే!"

"అదే కదా మావయ్యా."

తర్వాత అది చెప్పిన మాట రాయాలని లేదు. రాస్తాను. "అమ్మమ్మ గుడ్డలు ఉతికింది నేను. అమ్మకి కడుపులో తిప్పేది, నేనే ఉతికేదాన్ని. మీరు బయట కూర్చుని వచ్చినవాళ్ళందరికీ కడుపునొప్పి అని చెప్పేవాళ్ళు. నాకు ఆ జబ్బు రావడం ఇష్టం లేదు మావయ్యా."

అవును, కడుపునొప్పి అనే చెప్పాను. అది మగవాళ్ళు పేరెత్తకూడని జబ్బు, కొడుకైతే అసలే ఎత్తకూడదు. అమ్మ ఉన్న గదిలోకి నేను వెళ్ళకూడదు. వెళ్ళకూడదని చెప్పుకుంటూ బయట కుర్చీలో కూర్చున్నాను. లోపల అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది, నాకు వినబడింది.

తమండాకి పదిహేను నిండేది ఈ మార్చి ఆఖరున. నర్సమ్మ వచ్చేది పద్నాలుగున.

మార్చి 1

ఊరంతటికీ ఒకేసారి చెప్పాలంటే బోరింగు దగ్గర చెప్పాలి. అక్కడ ఆడవాళ్ళుంటారు. ఈ ఊళ్ళో మగవాడు బిందె లేకుండా బోరింగు దగ్గరికెళ్తే పిచ్చివాడంటారు, బిందెతో వెళ్తే ఇంకా పెద్ద పిచ్చివాడంటారు. రేపు వెళ్తాను.

మార్చి 2

వాన.

మార్చి 3

వాన లేదు. మోకాలు నొప్పి.

మార్చి 5

మోకాలు బాగానే ఉంది. లైటన్‌ని వెళ్ళమన్నాను. "ఊరుకున్నది నువ్వు. నువ్వే వెళ్ళు" అన్నాడు. మొదట్లో అందరం కలిసి ఊరుకున్నామని గుర్తు చేశాను. అతనికి గుర్తులేదట.

మార్చి 8, శనివారం

వెళ్ళాను.

బోరింగు దగ్గర బిందెల వరస. నన్ను చూడగానే పంపు కొట్టే పిల్ల చెయ్యి ఆగిపోయింది.

"ఏం బిన్వెల్ గారూ, దారి తప్పారా?"

"రెండో పెళ్ళికి పిల్లని చూసుకోవడానికొచ్చుంటారు."

"మా అమ్మమ్మ ఖాళీగానే ఉంది, పళ్ళు మాత్రం లేవు!"

నవ్వులు. ఎనెలెసి కూడా అక్కడే ఉంది. తల వంచుకుంది.

"టీకా గురించి ఒక మాట చెప్పాలి" అన్నాను. కోర్టులో పేర్లు పిలిచే గొంతు వాడాను, అలవాటు. "నాకేమీ తెలీదు. నేనే కాగితమూ చదవలేదు. గర్భసంచి ఎండుతుందన్న మాట నాది కాదు."

"ఇలా చెప్పడానికి ఎంతిచ్చారు?" ఎవరో అడిగారు.

"ఒక్క కోడి. ముసలిది."

మళ్ళీ నవ్వులు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. చంకలో బిడ్డ, పక్కన పన్నెండేళ్ళ కూతురు. "నవ్వడానికి కాదు. నాకు సమాధానం కావాలి. ఏమీ తెలీనప్పుడు మొదట్లో ఎందుకూరుకున్నారు?"

ఏమైనా చెప్పి ఉండొచ్చు. ఆలోచిస్తున్నానని, ఆచారమని, పెద్దల మర్యాదని. నెలరోజులుగా ఇవన్నీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. అందరూ చూస్తున్నారు.

"నన్ను పిలవలేదని" అన్నాను. "తండ్రుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి ఫాంటా ఇచ్చారు. నన్ను పిలవలేదు. కోపం వచ్చింది. అందుకని ఊరుకున్నాను."

అప్పుడు నాఫిరి ముసలమ్మ, నన్ను పుట్టినప్పట్నుంచీ ఎరిగినావిడ, రెండు చేతులూ తొడల మీద చరిచింది.

"అలిగాడే! ఓలమ్మో, అలిగాడు! ఏడేళ్ళప్పుడు వీడికి చేప తోక ముక్క వేశారని గాదె కింద దూరి రెండు పూటలు తిండి తినలేదు. వాళ్ళమ్మ బతిమాలీ బతిమాలీ చచ్చింది. నిజమే చెబుతున్నాడు. వీడికి గవర్నమెంటు రహస్యాలెవరు చెబుతారు? అలిగాడు, అంతే!"

ఊరు నమ్మింది. ముప్ఫై ఏళ్ళ నా ఉద్యోగం, నా చర్చి బట్టలు, నా గొంతు చెప్పినా నమ్మని ఊరు, ఫాంటా కోసం అలిగి ఊళ్ళో ఆడపిల్లలందర్నీ ప్రమాదంలో పెట్టానంటే కన్ను మూసి తెరిచేలోగా నమ్మింది. ఒక్కరికీ అనుమానం రాలేదు. "అవును, అలాంటి మనిషే" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒక పిల్ల నవ్వలేక బిందె మీద కూలబడింది.

నాకు చాలా అవమానమనిపించింది. వెళ్ళిపోవాల్సింది. కానీ ఎనెలెసి తలెత్తి నా వంక చూసింది.

"ఇంకొకటి" అన్నాను. "అమ్మ పోయింది కడుపునొప్పితో కాదు. ఈ టీకా దేనికి వేస్తున్నారో ఆ జబ్బుతోనే. నాకు తెలుసు. సిగ్గుపడి చెప్పలేదు."

నాఫిరి ముసలమ్మ నా దగ్గరికొచ్చి "మాకు తెలుసులే నాయనా" అంది. "స్నానం చేయించింది మేమే కదా."

మార్చి 9

పిల్లలు నన్ను చూసి "ఫాంటా మావయ్యా" అంటున్నారు. చర్చిలో మళ్ళీ స్తంభం వెనక కూర్చున్నాను.

మార్చి 14, శుక్రవారం

స్కూలు గేటు దాకా వరస. ఆడపిల్లలు ఒకర్నొకరు గిల్లుకుంటూ, అరుచుకుంటూ, సూది వేయించుకున్నవాళ్ళు ఏడ్చినట్టు నటించి మిగతావాళ్ళని భయపెడుతూ. హెడ్మాస్టరు గారమ్మాయి కూడా వచ్చి వరసలో ముందున్నవాళ్ళకి ధైర్యం చెబుతోంది. పాపం, ఆ పిల్లకి మాట్లాడేవాళ్ళు దొరికారు.

జిల్లా నుంచి పెద్ద అధికారి కూడా వచ్చాడు. మైకు పట్టుకుని "ఈ విజయం ఈ ఊరి తండ్రులది" అన్నాడు. తండ్రులు చప్పట్లు కొట్టారు. లైటన్ నా మోచేయి పొడిచాడు. నాకు కోపం రాలేదు. కొంచెం వచ్చింది. లుసుంగు దూరం నుంచి నా వంక చూసి, రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుని లెంపలేసుకున్నట్టు చేసింది. ఆ కొంచెమూ పోయింది.

తమండా వంతు వచ్చినప్పుడు నన్ను పక్కన నిలబడమంది. నర్సమ్మ దాని భుజం దూదితో తుడుస్తుంటే, అటు తిరిగి మామూలుగా అడిగింది.

"అక్కా, మా అమ్మమ్మకి నా వయసులో ఇది వేసి ఉంటే?"

"అప్పటికి ఇది లేదమ్మా."

"ఉండుంటే?"

లుసుంగు సూది గుచ్చి, తీసి, దూది నొక్కి పట్టుకుంది. "ఉండుంటే ఇవాళ నిన్ను తీసుకొచ్చింది ఆవిడే అయ్యుండేదేమో."

"నొప్పేమీ లేదు" అని తమండా స్నేహితురాళ్ళ దగ్గరికి పరుగెత్తింది.

నేను వంటశాల గోడ వెనక్కి వెళ్ళాను. అక్కడ కట్టెలు పేర్చి ఉన్నాయి. ఏడుపు ఆగలేదు. అమ్మ పోయిన రోజున కూడా ఇలా ఏడవలేదు, వచ్చినవాళ్ళని పలకరించే పనిలో ఉన్నాను. లోపలి నుంచి బిన్వెల్ అని పిలిచిన గొంతు ఇప్పుడే విన్నట్టుంది. వెళ్ళి ఉండాల్సింది. ఎవరు ఏమనుకున్నా వెళ్ళి ఉండాల్సింది.

కాసేపటికి ఎవరో వచ్చిన అలికిడి అయింది. ఫ్రాక్సన్. నన్ను చూశాడు. నాకు వీపు పెట్టి, జనం ఉన్న వైపు తిరిగి, గోడ చివర నిలబడ్డాడు. ఇద్దరు పిల్లలు ఇటు రాబోతే "అటు పోయి ఆడుకోండి, ఇక్కడ పనుంది" అని పంపేశాడు. లైటన్ నన్ను వెతుక్కుంటూ వచ్చి "బిన్వెల్ ఎక్కడ?" అంటే "చూడలేదండీ" అన్నాడు.

అతని వీపు వెడల్పుగానే ఉంటుంది. దాని వెనక నేను తీరిగ్గా ఏడ్చుకున్నాను.